స్క్రూ తలకో చిన్న పల్లం

మీ వంటింట్లో డబ్బాలు పెట్టుకునే చెక్క గూటి అంచున ఒకసారి చెయ్యి పోనిచ్చి చూడండి. స్క్రూ తల వేలికి తగులుతోందా? తుడిచే గుడ్డ పీచు పట్టుకునేదీ అక్కడే, చీర కొంగు చిక్కుకునేదీ అక్కడే. "వడ్రంగి పని అంతేలే" అని ఊరుకుంటాం. అంతే కాదండీ. ఆ తల కూర్చోడానికి చెక్కలో గరాటు మూతిలాంటి చిన్న పల్లం తీస్తే ఆ బాధే ఉండదు. ఆ పల్లం తీసేదాన్ని కౌంటర్‌సింక్ బిట్ అంటారు. డ్రిల్లింగ్ మిషన్‌కి తగిలించుకునేదే.

నీకెందుకమ్మా ఇవన్నీ అంటారేమో. మా అత్తయ్యగారి భోషాణం కోసం! ఆవిడ కాపరానికి వచ్చేటప్పుడు పుట్టింటివారు ఇచ్చిన టేకు భోషాణం. ఒకప్పుడు టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారట. ఇప్పుడు అంత వెడల్పు పలకలు దొరకడమే గగనం. కిందటి వేసవికి దాని అడుగుచెక్క చెదలు తినేసింది. మిగిలిన పలకలతో వంటింటి అలమర చేయిద్దామన్నాను. అత్తయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే, "సరే చేయించు. ఒక్క పలక చీలినా నాకు చూపించకు" అన్నారు.

మా మేస్త్రీ మంచి పనివాడే. కానీ స్క్రూని ముందు సుత్తితో ముప్పాతిక దాకా దిగ్గొట్టేసి, ఆఖర్న నాలుగు చుట్లు తిప్పుతాడు. చాలామంది అంతే. పచ్చి చెక్కకి అది చెల్లుతుందేమో గానీ, ఏళ్ల తరబడి ఎండిన టేకుకి చెల్లదు. స్క్రూ తల అడుగున ఏటవాలుగా ఉంటుంది కదా, కట్టెలు చీల్చేటప్పుడు సందులో పెట్టే ఇనప చీలలాగా అది పలకని రెండుగా విడదీస్తుంది.

అందుకని నేనే నరేంద్ర సెంటర్ వైపు వెళ్లి ఇనప సామాన్ల కొట్లో అడిగాను. "సి.ఎస్.కె. బిట్టా అమ్మా?" అన్నాడు కొట్టాయన. వెంట వచ్చిన మా అబ్బాయి క్రికెట్ జట్టు గుర్తొచ్చి ఒకటే నవ్వు! కౌంటర్‌సింక్‌కి కొట్లలో అదే పొట్టి పేరు.

ఆయన మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకదానికి కొబ్బరి కోరాంలాగా చుట్టూ పళ్లున్నాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ, చేత్తో పట్టుకునే మిషన్‌కి పెడితే వణుకుతుంది, పల్లం అంచు గీతలు గీతలుగా వస్తుంది. రెండోది జంట బిట్. మధ్యలో సన్న బిట్, దాని చుట్టూ పల్లం తీసేది. చిల్లు, పల్లం ఒకేసారి అయిపోతాయి. ఒకే సైజు స్క్రూలు వందల్లో బిగించేవారికి అది హాయి. మనకి నాలుగైదు సైజులుంటాయి, ప్రతి సైజుకీ ఒకటి కొనాలి. మూడోదానికి పళ్లే లేవు. మొన దగ్గర ఏటవాలుగా ఒక చిల్లు, ఆ చిల్లు అంచే కత్తి. చెక్కని ఉల్లిపొరలా తీసి ఆ చిల్లులోంచే బయటికి తోస్తుంది. వణుకు తక్కువ. ఇంటి వాడకానికి నా ఓటు దీనికే.

కొనేటప్పుడు బిట్ మీద 90 డిగ్రీలని ఉందో లేదో చూడండి. మిల్లీమీటర్ల కొలతల స్క్రూల తల ఏటవాలు 90 డిగ్రీలు. అమెరికా అంగుళాల స్క్రూలకి 82. పెట్టెలో రంగురంగుల సెట్లు వస్తాయి చూశారూ, వాటిలో 82వి కూడా ఉంటాయి. 82 బిట్‌తో తీసిన పల్లంలో 90 తల పై అంచు మీదే ఆనుకుంటుంది గానీ అడుగుదాకా కూర్చోదు. వెంట ఒక స్క్రూ తీసుకెళ్లండి. తల వెడల్పు కన్నా బిట్ వెడల్పు కాస్త ఎక్కువుండాలి. ప్లైవుడ్ పని ఎక్కువుంటే దానిలోని జిగురు అంచుని తొందరగా మొద్దుబారుస్తుంది. అప్పుడు కార్బైడ్‌ది మేలు, ధర ఎక్కువైనా.

పల్లానికి ముందు సన్న చిల్లు తప్పదు. దానికేం లెక్కలక్కర్లేదు. సన్న బిట్‌ని స్క్రూకి అడ్డంగా పట్టుకుని వెలుతురుకేసి చూడండి. స్క్రూ ఒళ్లు దాని వెనక దాగిపోవాలి, మరలు మాత్రం ఇటూ అటూ కనబడాలి. అదీ సైజు. తర్వాత కౌంటర్‌సింక్, మిషన్‌ని నెమ్మదిగా తిప్పుతూ. తల చెక్కతో సమంగా దిగితే చాలు. పల్చటి ప్లైవుడ్‌లో మరీ లోతు తీస్తే తలకి పట్టుండదు.

మేస్త్రీ మొదట "ఇదంతా చాదస్తం అమ్మగారూ" అన్నాడు. చెద తిన్న అడుగుచెక్కలో గట్టిగా ఉన్న ముక్క ఒకటి తెచ్చి, ఒక స్క్రూ ఆయన పద్ధతిలో, ఒకటి నా పద్ధతిలో వేయించాను. ఆయనది వేసిన చోట జానెడు బీట! ఇంకేం మాట్లాడలేదు.

అలమరకి నలభై ఆరు స్క్రూలు పట్టాయి. ఒక్క పలకా చీలలేదు. అత్తయ్యగారు ఆవకాయ జాడీ తెచ్చి కింది గూట్లో తనే పెట్టుకున్నారు. బిట్ మాత్రం ప్రస్తుతం మా ఇంట్లో లేదు. పక్క వీధిలో తలుపుల పనుందని మేస్త్రీ పట్టుకెళ్లాడు. రేపు తెచ్చిస్తానన్నాడు. అలా అని పదిహేను రోజులైంది.