లైసెన్సు రాని ఏళ్ళు

మా నాయనది మార్కాపురం పలకల గనిలో పని. బండ మీద ఉలి పెట్టి సమ్మెటతో తడితే ఏ పొర ఎక్కడ విడుతుందో ఆయన చేతికి తెలుసు. నేను ఇంటర్ ఎంపీసీ పాసైన ఏడాది మా వీధికి ఒకాయన వచ్చాడు. విమానాల మెయింటెనెన్స్ కోర్సు ఉందనీ, రెండేళ్ళు చదివితే నేరుగా ఎయిర్‌పోర్టులో ఉద్యోగమనీ చెప్పి, విమానం బొమ్మ ఉన్న కాగితం ఇచ్చిపోయాడు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాం. మాచర్ల, సాగర్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఎక్కాను.

కోర్సు మాట అబద్ధం కాదు. కానీ ఆయన సగమే చెప్పాడు. విమానం బాగుందని సంతకం పెట్టాలంటే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఆ నిబంధనల పేరు కార్-66. జెట్ ఇంజన్ విమానాల మెకానికల్ వైపు లైసెన్సును బీ1.1 అంటారు. దానికి నా కాలంలో 13 మాడ్యూళ్ళు ఉండేవి. లెక్కలు, ఫిజిక్స్‌తో మొదలై గ్యాస్ టర్బైన్ ఇంజను, ప్రొపెల్లరు దాకా. ప్రతిదాంట్లో నూటికి 75 రావాలి, 74 వస్తే తప్పినట్టే. కాలేజీ పరీక్షలు వేరు, ఇవి వేరు. కాలేజీలో 2400 గంటల శిక్షణ అయిపోయి, ఈ 13 పాసైనా లైసెన్సు చేతికి రాదు. పనిచేస్తున్న విమానాల మీద రెండేళ్ళ అనుభవం చూపించాలి. ఈ చివరి మాట మా ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

మొదటి నెలలన్నీ వర్క్‌షాపులోనే. ఇనుపముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దడం, మూలమట్టం పెట్టి వెలుతురుకెత్తి చూడడం, ఇనుముకీ మట్టానికీ మధ్య సన్నగా వెలుగు గీత కనిపిస్తే మళ్ళీ రుద్దడం. విమానం దగ్గరికి వెళ్తామనుకున్న పిల్లలు కొందరు ఇక్కడే విసుగుపుట్టి మానేశారు. నాకు మాత్రం ఇది చిన్నప్పటి నుంచి చూసిన పనే. నాయన కూడా పలకను కంటికి ఎదురుగా పట్టుకుని అలాగే చూసేవాడు.

నన్ను ఏడిపించింది లాక్‌వైరు. ఇంజన్ అదురుకు బోల్టు వదులు కాకుండా దాని తలలో ఉన్న చిల్లి గుండా సన్నటి స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి, పక్క బోల్టుకు కట్టాలి. 0.032 అంగుళం తీగ అయితే అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు రావాలి. తక్కువైతే వదులు, ఎక్కువైతే తీగ పెళుసై తెగుతుంది. తీగ ఎప్పుడూ బోల్టును బిగించే వైపుకే లాగుతుండాలి. అంటే ఒకటి వదులవబోతే ఆ లాగుడుకు పక్కది ఇంకా బిగుస్తుంది. చివరి కొసను లోపలికి వంచేయాలి, లేకపోతే తరువాత పనిచేసేవాడి చెయ్యి కోస్తుంది. నేను కట్టినదాన్ని సారు వేలితో ఒకసారి నొక్కి, ఏమీ అనకుండా కటింగ్ ప్లయరుతో కత్తిరించేసేవారు. ఒకసారి విప్పిన తీగను మళ్ళీ వాడకూడదు, కొత్తది మొదలుపెట్టాల్సిందే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నా వేళ్ళ మీద గీతలు చూసి నాయన, "ఏందిరా ఇది, లక్షలు కట్టించుకుని తీగెలు అల్లేది నేర్పిస్తన్నారా?" అన్నాడు.

పదో తరగతి దాకా తెలుగు మీడియం వాణ్ణి. పుస్తకాలు, ప్రశ్నలు అన్నీ ఇంగ్లీషే. లెక్కలు గట్టెక్కాయి. పదో మాడ్యూలు, అంటే విమానయాన చట్టాలు మాత్రం గట్టెక్కలేదు. ఒక్కో వాక్యం అరపేజీ ఉంటుంది. తప్పితే మళ్ళీ ఫీజు, మళ్ళీ నెలల ఎదురుచూపు. రూములో పక్కవాడు చదివి వినిపిస్తే నేను తెలుగులో రాసుకునేవాణ్ణి.

ఒక్క తొమ్మిదో మాడ్యూలు మాత్రం కథలా చదివాను. మనిషి పొరపాట్ల గురించిన పాఠం అది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్ బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం, 17 వేల అడుగుల ఎత్తు దాటగానే కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. గాలి ఆయన్ని కిటికీలోంచి సగం బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని వేలాడితే, కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు. ముందురోజు తెల్లవారుజామున ఆ అద్దం బిగించిన 90 బోల్టుల్లో 84 బోల్టుల లావు 0.026 అంగుళం తక్కువ. బిగించినవాడు అనుభవం లేనివాడు కాదు, షిఫ్టు మేనేజరు. పాత బోల్టు చేతిలో పట్టుకుని కంటితో పోల్చి కొత్తవి తీసుకున్నాడు. పుస్తకంలో నంబరు చూడలేదు. లాక్‌వైరును సారు అన్నిసార్లు ఎందుకు కత్తిరించారో ఆ పాఠం చదివిన రాత్రి అర్థమైంది.

కోర్సు అయిపోయేసరికి 2019. ఆ ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. లైసెన్సులు, ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళే ఉద్యోగాల కోసం వరసలో నిలబడితే నా ముఖం చూసేదెవరు? ఎక్కడికి పోయినా అనుభవం ఎంత అని అడిగారు. ఆ అనుభవం కోసమే కదా నేను వెళ్ళింది. మరుసటి ఏడాది కరోనా. మార్చి 25 నుంచి రెండు నెలలు దేశం లోపల మామూలు ప్రయాణికుల విమానాలు ఎగరలేదు. అవి మళ్ళీ ఎగిరినా కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయే గానీ తీసుకోవడం లేదు.

నేను ఊరికి వచ్చేశాను. అప్పటికే నాయనకు ఆయాసం. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. తాకట్టు మీద వడ్డీ నడుస్తూనే ఉంది. మిరపచేలో కూలికి వెళ్ళాను, నీళ్ళ ట్యాంకరు తోలాను. మా వైపు బోరు నీళ్ళు ఫ్లోరైడు కాబట్టి ఎండాకాలంలో ట్యాంకరుకు పని తప్పదు. కనిపించినవాళ్ళంతా, "ఏం పిలగా, విమానాలెప్పుడు బాగుచేస్తావు?" అని నవ్వేవాళ్ళు. ఎగతాళేమీ కాదది, అడగాలి కాబట్టి అడిగేవాళ్ళు. అయినా బజారుకు పోవడం తగ్గించాను. మిగిలిన మాడ్యూళ్ళు అప్పుడే చదివాను, ఎక్కువగా ట్యాంకరు నిండేలోపు.

2022లో శంషాబాద్‌లో ఒక హ్యాంగరులో హెల్పరుగా తీసుకున్నారు. జీతం రూము అద్దెకు, తిండికి సరిపోయేది. నేల ప్యానెళ్ళు విప్పడం, లోపల పేరుకున్న మురికి తుడవడం, విప్పిన ప్రతి స్క్రూనూ సంచిలో వేసి చీటీ కట్టడం. తెల్లవారుజామున షిఫ్టు దిగేముందు పనిముట్లు లెక్కపెట్టి బోర్డు మీద దేని గీతలో దాన్ని పెట్టాలి. ఒక రాత్రి చిన్న సాకెట్ ఒకటి తగ్గింది. అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోలేదు, విమానం కదల్లేదు. రెక్క లోపల ఒక మూల దొరికింది. అక్కడ మరిచిపోయిన మనిషి మీద ఎవరూ అరవలేదు. చూసింది, చేసింది రోజూ లాగ్‌బుక్కులో రాసుకుని లైసెన్సున్న ఇంజనీరు చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి. అలిసిపోయి ఒకరోజు వదిలేస్తే, ఆ ఇంజనీరు షిఫ్టు మారితే, ఆ పని నేను చేసినట్టే కాదు.

రెండేళ్ళు నిండాక దరఖాస్తు పెట్టాను. లైసెన్సు వచ్చింది. అయినా పెద్ద విమానానికి నా సంతకం ఇంకా చెల్లదు. ఒక్కో రకానికి విడిగా టైప్ రేటింగ్ కావాలి. నా చేతుల్లో ఎక్కువగా పడేది ఎయిర్‌బస్ ఏ320, దానికే సిద్ధమవుతున్నాను. పొలం ఇంకా విడిపించలేదు.

గిద్దలూరు నుంచి, కంభం నుంచి ఎవరెవరో నంబరు పట్టుకుని ఫోను చేస్తుంటారు. "మావోణ్ణి చేర్పించమంటావా బాబూ?" అంటారు. వద్దనను. శిక్షణ ఇవ్వడానికి కాలేజీకి డీజీసీఏ కార్-147 అనుమతి ఉందా, ఏ కేటగిరీకి ఉంది, ఏ తేదీ దాకా ఉంది, ఆ కాగితం చూపించమనండి అంటాను. ప్రాక్టికల్స్‌కు ఎగిరే విమానం దగ్గరికి తీసుకెళ్తారా, షెడ్డులో ఇంజను లేని దాని దగ్గరే ఆపుతారా అడగమంటాను. మొన్న ఒకాయన అంతా ఓపిగ్గా విని, "అయితే జీతం ఎప్పుడొస్తది?" అన్నాడు. కాలేజీవాళ్ళు చెప్పినదానికి ఇంకో మూడు నాలుగేళ్ళు కలుపుకుని, అన్నాళ్ళు ఇల్లు గడుస్తుందో లేదో చూసుకుని అప్పుడు ఫీజు కట్టమన్నాను.