పరిటాలలో 150 గజాలు

విజయవాడ నుండి హైదరాబాదుకు పోయే జాతీయ రహదారిపై ఇబ్రహీంపట్నం కూడలి దాటి, జూపూడి, కేతనకొండల మీదుగా సాగితే పరిటాల వస్తుంది. బస్సు ప్రయాణికులకు ఈ ఊరి గుర్తు 2003లో నిలిపిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహం. చుట్టూ కొండలు, దొనబండ మొదలుకొని ఆ కొండల పక్కలు తొలిచిన క్వారీలు, క్రషర్లు, వాటి తెల్లని దుమ్ము. ఆ దుమ్ము పడే చోటనే పత్తి, మిరప చేలు. ఇప్పుడు ఆ చేల నడుమ రంగు జెండాలు, సున్నం పూసిన హద్దురాళ్ళు, గేటు ఉండి ఇల్లు లేని 'నగరాలు' కూడా కనిపిస్తాయి.

ఈ నేలకు వెల కట్టడం కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడ వజ్రాల గనులు ఉండేవి. యూరోపు వర్తకుల రాతల్లో 'పార్టియల్' అని కనిపించేది ఈ ఊరే. నేడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న రీజెంట్ వజ్రం కృష్ణా తీరపు గనుల్లో దొరికిన 410 క్యారెట్ల రాయి నుండి చెక్కినది. దానిని పరిటాల గనిదని కొందరు, నదికి ఆవలనున్న కొల్లూరు గనిదని మరికొందరు అంటారు. 1766లో నిజాం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు కూడా గనులున్న ఈ కొద్ది గ్రామాలను వదులుకోలేదు. నలువైపులా ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా, నడుమ నిజాము గారి పరిటాల. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఈ ఊళ్ళు హైదరాబాదు సంస్థానంలోనే ఉండిపోగా, ప్రజలు తమంతట తామే స్వాతంత్ర్యం ప్రకటించుకుని కొంతకాలం సొంత పాలన నడుపుకున్నారు. ఆ రాజ్యాల హద్దులు పోయాయి. ఇప్పుడిక్కడ హద్దు అంటే ప్లాటు హద్దే.

గత శీతాకాలంలో ఒక ఆదివారం మేము ఈ హద్దురాళ్ళ మధ్య నిలబడ్డాము. వెంట మా ఖాలా, ఆమె ముగ్గురు కుమారులు ఉన్నారు. విజయవాడ వన్‌టౌన్‌లోని వించిపేటలో వారికున్న పాత ఇంటిని అమ్మి, వచ్చిన సొమ్ముతో ఇక్కడ తలా 150 గజాలు కొనాలన్నది కుమారుల ఆలోచన. కృష్ణకు అవతలి గట్టున 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు ఈ ప్రాంతపు ధరలు లేచాయి. 2019లో మూడు రాజధానుల మాట రాగానే పడిపోయాయి. 2024 తరువాత మళ్ళీ లేచాయి. నేల అదే, పత్తి అదే.

వన్‌టౌన్ ఎరుగని పాఠకులకు ఆ ఇంటిని గురించి కొంత చెప్పాలి. రైల్వే స్టేషనుకూ, ఇంద్రకీలాద్రికీ, కృష్ణకూ నడుమ ఇరుక్కున్న పాత పట్టణం అది. ఇస్లాంపేట, వించిపేట, పంజా సెంటర్ పరిసరాలలో ఆటో సందు మొదట్లోనే ఆగిపోతుంది. జనాజాను బయటికి తేవాలంటే రెండు మలుపుల దగ్గర డోలాను ఏటవాలుగా ఎత్తి తిప్పవలసి వస్తుంది. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. మేడమెట్లు పక్కవారి నడవలోంచి ఎక్కుతాయి. ఆ నడవ ఎవరిదో ఏ దస్తావేజులోనూ ఉండదు. పగలు కూడా దీపం వేసుకోవాలి. అదే గోడ మీదుగా రమజాను మాసమంతా ఇఫ్తారు పళ్ళాలు అటూ ఇటూ పోతుంటాయి. తల్లి పనిమీద వెళితే పిల్లలు ఏ ఇంట్లో తిన్నారని అడిగేవారుండరు. ఖాలూ గారు మూడేళ్ళ క్రితం అర్ధరాత్రి గుండె పట్టుకుని కూలబడినప్పుడు పక్కింటి దర్జీ గోడకు అవతలి నుండే విని తలుపు తట్టాడు. ఇటువంటి చోట కొనేవాడు గజాలతో పాటు ఇదంతా కొంటాడు. అమ్మేవాడు ఇదంతా అమ్ముకుంటాడు. రిజిస్ట్రేషను కార్యాలయంలో మాత్రం గజాలకే లెక్క.

ఆ గజాలూ పూర్తిగా ఉండవు. ఖాలా గారి దస్తావేజులో 96 గజాలు. టేపు పట్టి చూస్తే అంతకు తక్కువ. ఉమ్మడి గోడ మందం ఎవరి లెక్కలోదో తేల్చిన తరువాతే ధర మాట్లాడాలి. పాత మొహల్లాలో ఇల్లు కొనేవారు ముందుగా అడగవలసింది కూడా ఇదే: గోడ ఎవరిది, దారి ఎవరిది, మురుగు ఎటు పోతుంది? కొండవాలు ఇళ్ళలో కొన్నిటికి ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప వేరే ఆధారం ఉండదు. ఇక ఇల్లు వక్ఫ్ భూమి మీద ఉంటే అది మనది కాదు, అమ్మేవాడిదీ కాదు. అటువంటి భూములు రిజిస్ట్రేషను నిషేధిత జాబితాలో ఉన్నాయో లేదో సర్వే నంబరుతో చూసుకోవచ్చు.

పరిటాలలో చిక్కులు వేరు. అక్కడ వెలుతురు ఉంది, గాలి ఉంది, దుమ్మూ ఉంది. వెంచరు వారి కుర్రవాడు రంగుల పటం పరచి పార్కు, ఈతకొలను, 40 అడుగుల రోడ్లు చూపించాడు. మేము అడిగినవి చిన్న విషయాలే: సాగుభూమిని ఇళ్ళస్థలంగా మార్చిన కాగితం, లేఅవుటు అనుమతి సంఖ్య, రెరా సంఖ్య, గత 30 ఏళ్ళ ఈసీ, లింకు దస్తావేజులు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అనగా సుమారు 600 గజాలు మించిన లేఅవుటును నమోదు చేయకుండా ప్రకటించడానికీ, అమ్మడానికీ వీలులేదు. "అన్నీ ప్రాసెస్‌లో ఉన్నాయండీ, ముందు బయానా ఇస్తే ఈ ధర దొరుకుతుంది" అన్నాడు కుర్రవాడు. పొలం ఇంకా రైతు పేరుననే ఉందని తరువాత మాటల్లో తేలింది. తన చేతిలో లేనిదానిని అమ్మరాదన్న మన ధర్మశాస్త్రపు నియమం ఎంత లోకజ్ఞానంతో కూడినదో అక్కడ నిలబడితే తెలుస్తుంది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి అయితే 1977 చట్టం దాని అమ్మకాన్నే నిషేధించింది. ఆ చట్టానికి విరుద్ధంగా కొన్నవాడికి హక్కు రాదు. వాయిదాల మాట కూడా వచ్చింది. నగదు ధర కంటే వాయిదాల ధర ఎక్కువైనా, ఒప్పందం నాడే ఒకే ధర ఖరారైతే ఫుఖహాలు ఆక్షేపించలేదు. వాయిదా తప్పిన నెలనెలా పెరిగే జరిమానా మాత్రం పేరు మార్చుకున్న వడ్డీయే. ఆ షరతు వారి కాగితంలో ఆరవ వరుసలో ఉంది.

పెద్ద కుమారుడి వాదనలో బలం లేకపోలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేటలు మునిగినప్పుడు మా బంధువులు రోజుల తరబడి మేడల మీద గడిపారు. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. "అమ్మీ, ఇది మెరక. ఇక్కడికి ఏ ఏరూ రాదు" అన్నాడతను. నిజమే. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద ఇదే రహదారిని ముంచి రాకపోకలు ఆపిన మాట మేము గుర్తు చేశాము. అది నందిగామ వైపని, తమ దుకాణం విజయవాడ వైపని అతని జవాబు. అదీ నిజమే.

ఖాలా హద్దురాయి మీద కూర్చుని అంతా విన్నది. "బేటా, మీరు ముగ్గురూ పొద్దున్నే దుకాణానికి పోతారు. ఇక్కడ నేను ఎవరిని పిలవాలి?" అని అడిగింది. చుట్టూ జెండాలు తప్ప ఏమీ లేవు. నడిచి వెళ్ళగల దూరంలో మసీదు ఉందా, మందుల దుకాణం ఉందా అన్నది ఆ తరువాతి ప్రశ్న. కారు ఉందిగా అన్నారు. కారు నడపడం ఆమెకు రాదు.

ఆ ప్రయాణానికి మరో పని కూడా ఉంది. పరిటాల నుండి కంచికచర్ల, నందిగామల మీదుగా జగ్గయ్యపేట చేరుకున్నాము. ఖాలా పెద్ద కుమార్తె అక్కడే కాపురం ఉంటోంది. చిన్న కుమార్తెది గుంటూరు. ఇల్లు ఖాలూ గారి పేరున ఉన్నందున అమ్మాలంటే ఆడపిల్లల సంతకాలు కావాలి. వకీలు రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు కుమారుల సంచిలో ఉంది.

ఆ ఇంట్లో టీ తాగుతూ వేసిన లెక్క ఇది. మరణించిన వారి అప్పులు, వసీయతు ఏమీ లేవు గనుక నిసా సూరాలోని నియమం ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు: 96 గజాల్లో 12. మిగిలిన 84 గజాలలో కుమారునికి రెండు పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. ముగ్గురు కుమారులకు ఆరు, ఇద్దరు కుమార్తెలకు రెండు, మొత్తం ఎనిమిది పాళ్ళు. పాలు ఒక్కింటికి పదిన్నర గజాలు. కుమారులకు 21 చొప్పున, కుమార్తెలకు పదిన్నర చొప్పున.

"పదిన్నర గజాల్లో వంటగది కూడా పట్టదు ఆపా" అన్నాడు రెండో తమ్ముడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. "పట్టదు. పట్టనిదానికి నా సంతకం ఎందుకు?" అన్నది. కొంతసేపటికి మళ్ళీ తనే చెప్పింది: "నేను మీకు ఇవ్వనని అనలేదు. ముందు నాది అని రాసి, నా చేతికి ఇవ్వండి. ఆ తరువాత ఇస్తానో, ఉంచుకుంటానో నేను చెబుతాను."

మన కుటుంబాలలో ఎందరు ఆడపడుచులు ఈ మాట అనలేక సంతకం చేసి ఉంటారో! పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయమే వారి చేత వేలిముద్ర వేయిస్తుంది. దానిని 'మాఫ్ చేసింది' అని చెప్పుకుంటాము. చేతికి రాని వాటాను మనస్ఫూర్తిగా వదులుకోవడం ఎట్లాగో మాకు అర్థం కాదు. పరిటాల ప్లాటు ధరను కుమారులు గజానికింత అని లెక్కించారు. ఆ ధరలో అక్కచెల్లెళ్ళ 21 గజాలు కలిసి ఉన్నాయని ఆ రోజే వారికి స్పష్టంగా తెలిసింది. మొత్తంలో అవి ఒక సోదరుని వాటాకు సమానం.

పెద్ద కుమారుడు ఆ దస్తావేజును తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. వాదించలేదు. అతని గురించి ఇది చెప్పడం న్యాయం.

తిరుగు ప్రయాణంలో మాట దర్జీ మీదికి మళ్ళింది. వించిపేట ఇంటికి మంచి ధర చెప్పినవాడు వస్త్రలత హోల్‌సేలు వ్యాపారి. కింది భాగాన్ని గోడౌను చేయాలని అతని ఉద్దేశం. దర్జీ కూడా కొంటానన్నాడు, కాని తక్కువకు, అదీ వాయిదాలలో. అతనికి నలుగురు పిల్లలు, ఒకటే గది. మన ఫిఖ్‌హ్‌లో షుఫా అనే హక్కు ఒకటుంది: ఆస్తి అమ్ముడవుతున్నప్పుడు ఉమ్మడి వాటాదారుకు, హనఫీ మతంలో ఆనుకుని ఉన్న పొరుగువారికి సైతం, అదే ధరకు ముందుగా కొనే అవకాశం. 1870లో మద్రాసు హైకోర్టు ఈ నియమం తన పరిధిలో చెల్లదని తీర్పునిచ్చింది; కృష్ణా జిల్లా అప్పుడు ఆ పరిధిలోనే ఉన్నది. కనుక దర్జీ కోర్టుకు పోయి గెలవలేడు. అదే ధర ఇవ్వలేడు గనుక షుఫా కూడా అతనికి పూర్తిగా అందదు.

అయితే బుఖారీ సంకలనంలో అబూ రాఫె (రజి) గారి వృత్తాంతం ఉంది. ఆయన తన ఇళ్ళను పొరుగువారైన సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) గారికి అమ్మజూపగా, 4,000 దిర్హములకు మించి ఇవ్వనని, అదీ వాయిదాలలోనని సఅద్ అన్నారు. బయటివారు అప్పటికే 500 దీనార్లు ఇవ్వజూపారు, అది ఎక్కువ. పొరుగువాని హక్కు గురించి దైవప్రవక్త (స) నోట తాను విన్నందువల్లనే ఇస్తున్నానని చెప్పి అబూ రాఫె తక్కువకే ఇచ్చివేశారు. మేము ఇబ్రహీంపట్నంలో మగ్రిబ్ నమాజుకు ఆగినప్పుడు ఈ సంగతి చెప్పాము. "ఆయన ఒక్కరి సొత్తు, ఇచ్చారు. ఇది ఆరుగురిది" అన్నాడు చిన్న కుమారుడు. మేము దానికి జవాబు చెప్పలేదు, ఎందుకంటే అతను సరిగానే అన్నాడు. ఎవరి వాటాలో తగ్గింపు వారే ఇవ్వగలరు.

ఖాలా తన 12 గజాల ధర దర్జీ ఎంత ఇస్తే అంతే అని చెప్పింది. జగ్గయ్యపేట కుమార్తె ఫోనులో తన పదిన్నరా అంతే అన్నది. మిగిలిన నలుగురు ఇంకా ఆలోచిస్తున్నారు. దర్జీ రమజాను వరకు గడువు అడిగాడు, ఇచ్చారు. పరిటాల స్థలానికి ఇప్పటివరకు బయానా పోలేదు. వెంచరు కుర్రవాడు మాత్రం వారం వారం ఫోను చేస్తున్నాడు, సరిగ్గా జుమా వేళకు.