అడవిలో మనం అతిథులం

భూమిపై సంచరించండి, చూసినదాని గురించి యోచించండి అని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మానవుణ్ణి ఆహ్వానిస్తుంది. అందుకోసం దూరదేశాలకే పోనక్కరలేదు. మహబూబాబాద్ నుండి ఉదయం బయలుదేరితే పాకాల, లక్నవరం చూసుకొని సాయంత్రానికి తాడ్వాయి అడవిని చేరుకోవచ్చు.

పాశ్చాత్య దేశాలలో వంటగది, పడకలు అమర్చిన బండ్లలో కుటుంబాలు అడవులకు వెళ్లి విడిది చేస్తాయి. శీతాకాలపు సెలవులలో మా మూడు కుటుంబాలు అద్దె వ్యానులో బయలుదేరాయి. వెంట గ్యాస్ పొయ్యి, బియ్యం, నీళ్ల డబ్బాలు, జానమాజ్‌లు తీసుకెళ్లాము. 48 మైళ్లు దాటిన ప్రయాణం కనుక జుహ్ర్, అస్ర్, ఇషా నమాజులను ఖస్ర్ చేసి రెండేసి రకాతులు చదివాము.

మొదటి మజిలీ పాకాల. కాకతీయ గణపతిదేవుని కాలంలో, సుమారు 1213లో, కొండల నడుమ కట్టవేసి నిర్మించిన చెరువు ఇది. ఇక్కడి వాగే దిగువన మున్నేరుగా మారి కృష్ణలో కలుస్తుంది. ఎనిమిది శతాబ్దాలుగా పైరులను తడుపుతున్న ఆ నీటి అంచున ప్లాస్టిక్ పళ్లాలు, సీసాలు పడి ఉన్నాయి. పిల్లలతో వాటిని ఏరిస్తుండగా మనుమడు, "దాదా, ఇవి మనం వేసినవి కావు కదా?" అని అడిగాడు. దారిలోని ముల్లును తొలగించేవాడు దాన్ని ఎవరు వేశారని విచారించడు నాన్నా, అది సదఖా అని చెప్పాను. నీటి రేవులనూ, బాటలనూ, నీడపట్టులనూ మలినపరచడం శాపానికి గురిచేసే పని అని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మన విహారాలకు ఇంతకంటే స్పష్టమైన నియమం ఏముంటుంది?

లక్నవరంలో వేలాడే వంతెన దాటి, ములుగు జిల్లాలోని తాడ్వాయి చేరి, అటవీ శాఖ కుటీరాలలో బస చేశాము. స్త్రీలూ పిల్లలూ లోపల, మగవారం ఆవరణలోని వ్యానులో పడుకున్నాము. రాత్రి మజిలీ చేసేటప్పుడు దారిపై దిగవద్దనీ, అది రాత్రివేళ పురుగూ పుట్రా తిరిగే చోటనీ, నిద్రకు ముందు నిప్పు ఆర్పాలనీ ప్రవక్త (సఅసం) నేర్పారు. ఆ మాటల విలువ అడవి చీకటిలో బాగా తెలిసింది.

ఈ అడవి ఒక గాయాన్ని మోస్తున్నది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం నడుమ 50,000కు పైగా చెట్లు నేలకూలాయి. మరునాటి వరదకు మన జిల్లాలోనే ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. గాలీ వానా అల్లాహ్ ఆజ్ఞాబద్ధాలు, వాటిముందు మన శక్తి ఎంత? అయితే చెట్టు నాటడం, ఉన్నదాన్ని కాపాడడం మన చేతిలోని పనులు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్నది ప్రవక్త బోధ. నాటిన చెట్టు నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా మనకు పుణ్యమే.

తరతరాలుగా ఈ అడవి కోయ సోదరుల నివాసం. ఇక్కడ మనం అతిథులం. అతిథి ఇంటివారిని నొప్పించడు, ఇంటిని పాడుచేయడు. సోదర సోదరీమణులారా! ఈ సెలవులలో పిల్లలను అడవికి తీసుకెళ్లండి. వెంట ఒక ఖాళీ గోనెసంచీ కూడా తీసుకెళ్లండి. తిరిగివచ్చేటప్పుడు అది నిండి ఉండాలి, మనం దిగిన చోటు శుభ్రంగా ఉండాలి. అల్లాహ్ తన అమానతును కాపాడే భాగ్యం మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.