విప్పే బలం, బిగించే కొలత

మా ఇంట్లో పాత మారుతి 800 కారు ఒకటి ఉన్నది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినను మా అమ్మను చిత్తూరు నుండి వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి తీసికొని వెళ్లడానికి మాకు అదే ఆధారం.

గత సంవత్సరం ఒక తెల్లవారుజామున అలా వెళ్లుచుండగా, కాట్పాడి ఇంకా రాకముందే వెనుక టైరు పంక్చరయింది. స్టెప్నీ ఉన్నది, జాకీ ఉన్నది. కాని నాలుగు నట్లలో ఒక్కటీ కదలలేదు. వారం ముందు టైరు మార్పించినచోట వాటిని గాలి గన్నుతో బిగించారు. వీల్‌పానా మీద ఎక్కి నిలబడినా ఫలితం లేకపోయింది. ఒక లారీ డ్రైవరు ఆగి, "గన్నుతో అదిమి బిగించినారన్నా, ఊరికే రాదు" అని, పానాకు పొడవాటి ఇనుప గొట్టం తొడిగి లాగాడు. మూడు నట్లు వచ్చాయి. నాలుగవదాని బోల్టు తెగిపోయింది. మూడు నట్లతోనే మెల్లగా వేలూరు చేరేసరికి అమ్మను డాక్టరు చూడవలసిన సమయం దాటిపోయింది. "పోనీలే నాయనా, క్షేమంగా వచ్చినాము కదా" అన్నది అమ్మ. ఆ మాట మమ్మును మరింత బాధించింది.

ఇకమీదట చక్రాల పని ఇంటివద్దనే చేసికొందామని నిశ్చయించుకొని, మా పెద్దబ్బాయిని వెంటబెట్టుకొని తిరుపతి వెళ్లాము. అంగట్లో వాడి కన్ను అన్నిటికంటె పెద్ద గన్ను మీద పడింది. నిజం చెప్పాలంటే మా కన్నూ అక్కడే ఉన్నది. అయితే చేతిలోని డబ్బు లెక్క చూచుకొని, మూడు సంగతులు ఆలోచించాము.

మొదటిది బలం. మీటరు పొడవు కడ్డీ చివర పది కిలోల బరువు వ్రేలాడదీస్తే కలిగే తిప్పుడు బలం సుమారు 100 న్యూటన్ మీటర్లు. మాలాంటి చిన్నకారు చక్రపు నట్టు బిగించడానికి అంతకు లోపే చాలు. తుప్పుపట్టిన నట్టు విప్పడానికి దానికి కొన్ని రెట్లు కావలెను. కనుక 400, 500 న్యూటన్ మీటర్ల అరంగుళం గన్ను ఇంటికి సరిపోతుంది. వెయ్యి దాటినవి లారీ షెడ్లకు.

రెండవది గాలి. ఈ గన్నులకు సాధారణంగా 90 పౌండ్ల ఒత్తిడి కావలెను. ఒత్తిడి ఒక్కటే చాలదు, గాలి నిలువ కూడ ఉండాలి. చిన్న ట్యాంకు నాలుగైదు నట్లకే నీరసించి, మరల నిండేవరకు మనలను కూర్చోబెడుతుంది. పల్లెలో ఓల్టేజి తక్కువైనప్పుడు కంప్రెసరు మోటారు తిరగడమే కష్టం. పెద్ద గన్ను కొంటే పెద్ద కంప్రెసరూ కొనాలి. అందుచేత మేము నడితరం గన్ను, 50 లీటర్ల ట్యాంకు తీసికొన్నాము.

మూడవది తోడు సామాను. మామూలు మెరిసే సాకెట్లు గన్ను దెబ్బలకు పగిలి కంటికి తగలవచ్చును. నల్లని ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, కళ్లజోడు పెట్టుకోవాలి. పనికి ముందు గాలి దారిలో రెండు మూడు చుక్కల నూనె వేయాలి. పని ముగిశాక ట్యాంకు అడుగున చేరిన నీరు వదలాలి. మిగిలిన డబ్బుతో బిగింపును కొలిచే టార్క్ రెంచి కొన్నాము. "గన్నుండగా ఇదెందుకు?" అని అబ్బాయి గొణిగాడు.

ఇంటికి వచ్చిన సాయంత్రమే వాడు ఒక చక్రం విప్పి, ఉత్సాహంగా గన్నుతోనే బిగించాడు. మేము పక్కనే నిలబడి సంతోషించాము. తరువాత కారు పుస్తకంలోని అంకెకు టార్క్ రెంచి పెట్టి చూస్తే, నట్టు కొంచెమైనా కదలకముందే అది టక్కుమన్నది. అనగా ఆ కొలత అప్పటికే దాటిపోయింది. ఎవరి పనికి మేము దారి పొడవునా సణుగుకొన్నామో, అదే పని మా వాకిట్లో మేమే చేశాము!

నాలుగు నట్లు విప్పి, మొదట చేతితో ఎక్కించి, ఎదురెదురుగా ఉన్నవాటిని వంతులవారీగా కొలతకు బిగించాము. నూరు కిలోమీటర్ల లోపు మరొకసారి సరిచూచాము. నాటినుండి మా ఇంట గన్ను విప్పడానికే, బిగించడం చేతితోనే.

మొన్న వేలూరు ప్రయాణానికి ముందురాత్రి, అబ్బాయి ఎవరూ చెప్పకుండానే టార్క్ రెంచి తీసికొని చక్రాలు నాలుగూ చూచాడు. తరువాత వీల్‌పానా తెచ్చి ఒక నట్టు కొద్దిగా విప్పి, మరల కొలతకు బిగించాడు. "ఏం చూస్తున్నావురా?" అని అమ్మ అడిగింది.

"దారిలో అవసరమైతే చేత్తో వస్తుందో రాదో అని, అవ్వా" అన్నాడు.