మగ్రిబ్ ఎక్కడ చదివావ్?

పాటల షోలకు పోయే అలవాటున్నవాళ్లు ఒక్కో షోని ఒక్కో పాటతో గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం మగ్రిబ్ చదివిన చోటుతో గుర్తు. జనరేటర్ వెనక చదివిన షో. బైకుల పార్కింగులో రెండు బుల్లెట్ల మధ్య చదివిన షో. సెక్యూరిటీ గార్డు తన కుర్చీ పక్కకు జరిపి, "ఇక్కడ చేస్కోండి భాయ్, నేను చూస్తుంటా" అన్న షో.

నవ్వకండి, ఇది నిజంగా కష్టమైన పని. హైదరాబాద్‌లో మైదానాల్లో జరిగే షోలు ఎక్కువగా వానలు ఆగాక, ఎండలు ముదరకముందు పెడతారు. నవంబర్‌లో ఇక్కడ 5.40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. ఏడు కాకముందే ఇషా వక్త్ వచ్చేస్తుంది. గేట్లు నాలుగింటికి తెరుస్తారు. టికెట్ మీద ఆరు అని ఉంటుంది, స్టేజీ మీద మనిషి కనబడేసరికి ఏడున్నర. అంటే మగ్రిబ్ మొత్తం మనం లోపలే ఉంటాం. చేతికి పట్టీ వేశాక బయటికి పోతే మళ్లీ రానివ్వరు. నీళ్ల బాటిల్ గేటు దగ్గరే లాక్కుంటారు. కాబట్టి అసర్‌కి చేసిన వుజూనే మగ్రిబ్ దాకా కాపాడుకోవాలి. మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్లినవాడికే తెలుస్తుంది అది ఎంత పెద్ద ఇమ్తిహానో.

ఒక్క సౌకర్యం మాత్రం ఉంది. ఖిబ్లా కోసం ఫోన్ తియ్యక్కర్లేదు. పెద్ద స్పీకర్ల దగ్గరికి పోతే వాటి అయస్కాంతాలకి ఫోన్‌లోని దిక్సూచి పిచ్చెక్కినట్టు తిరుగుతుంది. ఆకాశంలో ఎరుపు ఎటుందో చూసి కాస్త కుడికి తిరిగి నిలబడితే చాలు.

ఇంత అవస్థపడి షోలకు పోవడమెందుకని అడగొచ్చు. సంగీతం జాయిజా నాజాయిజా అని తేల్చేంత ఇల్మ్ నాకు లేదు. ఇమామ్ గజాలీ తన ఇహ్యాలో సమా గురించి ఒక భాగమే రాశారు. దేవ్‌బంద్ ఉలమా వాద్యాలు వద్దంటారు. ఈ బహస్ మా ఇంట్లో ఫత్వాలతో నడవలేదు, మనుషులతో నడిచింది.

కడపలో మా అబ్బాది టైలరింగ్ షాపు. నా చిన్నతనంలో మిషను పక్కన రేడియో ఉండేది. వివిధ భారతిలో రఫీ సాబ్ పాట వస్తే అబ్బా కాలు పెడల్ మీద నెమ్మదించేది, కుట్టు మాత్రం తప్పేది కాదు. ఒక ఏడాది తబ్లీగ్‌వాళ్లతో చిల్లాకి వెళ్లి, నలభై రోజుల తర్వాత తిరిగొచ్చాడు. వచ్చిన మూడో రోజు ఆ రేడియోని తుడిచి, పాత గుడ్డలో చుట్టి, ఎవరికో ఇచ్చేశాడు. కోప్పడలేదు, తఖ్‌రీర్ ఇవ్వలేదు. ఆ తర్వాత షాపులో మిషను చప్పుడొక్కటే మిగిలింది.

అమ్మీది వేరే దారి. ఆమె పుట్టిల్లంతా పెద్ద దర్గాకి ముట్టుకున్నవాళ్లు. అమీన్ పీర్ దర్గా ఉరుసు వచ్చిందంటే గంధం, ఆ రాత్రి ఖవ్వాలీ. అబ్బా వద్దనడు, రానూ రాడు. నన్ను అమ్మీ తీసుకుపోయేది. ఇవాళ వేల రూపాయలు పోసి చూసే లైవ్ షోల కన్నా ముందు నేను చూసిన లైవ్ షో అదే. హార్మోనియం, ఢోలక్, చప్పట్లు, నిద్ర ఆపుకుంటున్న పిల్లలు. ఒకే మాటని ఖవ్వాల్ పదిసార్లు, ఇరవైసార్లు అంటుంటే మొదట విసుగొస్తుంది, తర్వాత ఒళ్లు ఝల్లుమంటుంది.

1992లో 'రోజా' వచ్చినప్పుడు నేను ఉర్దూ మీడియం బడిలో ఉన్నా. ఆ పాటలు కట్టిన రహమాన్ మా పెద్ద దర్గాకే వస్తాడని తెలిశాక ఇక చెప్పేదేముంది. అమ్మీకి ఆయన సంగీత దర్శకుడు కాదు, "మన దర్గాకొచ్చే పిల్లోడు". 2009లో రెండు ఆస్కార్లు వచ్చిన రోజున "ఇన్షా అల్లా, ఉరుసుకి వస్తాడులే" అంది, చుట్టం గురించి మాట్లాడినట్టు.

డిగ్రీలో తెలుగు తీసుకుని, హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రికలో చేరాక షోల పిచ్చి పట్టింది. మొదట్లో పాస్‌ల మీద పోయేవాణ్ని. ఇండియన్ ఓషన్‌ని ఒక కాలేజీలో విన్న రాత్రి బాగా గుర్తు. 'కందిసా' అనే పాట పాడారు. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అది, అరామాయిక్ భాషలో ఉంటుంది. నా చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ పిల్లలకి ఆ భాష ఒక వింత చప్పుడు. నాకేమో ఉర్దూ మీడియం చదువు మొదటిసారి పనికొచ్చింది. ఆ కందిసా అంటే పవిత్రం, మన ఖుద్దూస్‌కి తోబుట్టువు. దేవుడికి అందులో వాడే అలాహా అన్న మాట ఎవరికి చుట్టమో చెప్పక్కర్లేదు. గిటార్లు, డ్రమ్ముల మధ్య ఆ రెండు మాటలు చెవిన పడితే, పరాయి ఊళ్లో బస్సు దిగినవాడికి మేనమామ ఎదురైనట్టయింది. అది పాడిన అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ గొంతు ఎదురుగా కూర్చుని విన్నవాళ్లలో నేనూ ఒకణ్నని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటా.

'జోధా అక్బర్' వచ్చాక ఒకసారి రహమాన్ షో రాయమని ఆఫీసువాళ్లు నన్ను పంపారు. ప్రెస్ పాస్, ముందు వరస. ఐదింటికే పోయి కుర్చీ పట్టుకున్నా. స్టేజీ మీద డ్రమ్ములు సరిచూస్తున్నారు. ఒక దెబ్బ, ఆగడం, మళ్లీ ఒక దెబ్బ. ఆ ఆగిన సందులో స్టేడియం అవతల ఎక్కడో మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడింది. సన్నగానే, కానీ సాఫ్‌గా. లేస్తే కుర్చీ పోతుంది. ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం అనుకున్నా. మూడు రకాతుల ఫర్జ్, ఎంతసేపని. అలా అనుకుంటూనే గంట గడిచింది. దీపాలు ఆరాయి, జనం అరిచారు, వక్త్ పోయింది.

షో గురించి చాలా బాగా రాశానని అందరూ అన్నారు. ఖ్వాజా గరీబ్ నవాజ్ పాట పాడినప్పుడు స్టేడియం ఎలా నిశ్శబ్దమైందో ఒక పేరా మొత్తం రాశా. అబ్బాకి తెలుగు చదవడం రాదు. మా ఎదురింటి మాస్టారు నా పేరు చూసి పేపర్ పట్టుకుని షాపుకి పోయి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారట. సాయంత్రం ఫోనొచ్చింది. సంగీతం గురించి, ఆ పొగడ్తల గురించి తిట్లు పడతాయని సిద్ధంగా ఉన్నా.

"మగ్రిబ్ కాఁ పఢ్యా రే?" అన్నాడు అబ్బా.

ఒక్క క్షణం కూడా ఆగలేదు నేను. "పార్కింగులో అబ్బా."

"జమాత్ దొరికిందా?"

"ముగ్గురం."

ఆ ముగ్గురం ఎక్కడి నుంచి ఊడిపడిందో ఈ రోజుకీ తెలీదు. అబద్ధం ఒకటి చెప్పేస్తే సరిపోయేది, దానికి ఇద్దరు ముఖ్తదీలని కూడా నిలబెట్టా. అవతల అబ్బా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మాషా అల్లా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. ఈద్‌కి ఊరెళ్తే మసీదు మెట్ల మీద ముసలాయనొకాయన నా భుజం తట్టి, "నాచ్‌గానా జరిగే చోట జమాత్ నిలబెట్టినోడివి నువ్వే కదా" అన్నాడు. అబ్బా అందరికీ చెప్పుకున్నాడు. పేపర్లో నా పేరొచ్చిందని ఎప్పుడూ ఎవరికీ చెప్పని మనిషి, ఇది చెప్పుకున్నాడు. ఆ రోజు ఆయన ముఖంలోకి చూడలేక చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నటించా. తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఎన్నోసార్లు చెబుదామనుకున్నా, చెప్పలేదు.

అప్పటి నుంచి మాత్రం ఏ షోకి పోయినా మగ్రిబ్ వదల్లేదు. తఖ్వా అని గొప్పగా చెప్పుకోలేను. చెప్పిన అబద్ధానికి వాయిదాలు కడుతున్నట్టుండేది. ప్రెస్ పాస్ ఉన్నా వెనక్కి పోయేవాణ్ని, బయటి దారికి దగ్గరని.

వెనక నిలబడితే పాట వేరేలా వినబడుతుందని అప్పుడే తెలిసింది. స్టేజీకి వంద మీటర్ల దూరంలో ఉంటే చప్పుడు మన దగ్గరికి రావడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. తెర మీద చెయ్యి డ్రమ్ము మీద పడిపోతుంది, దెబ్బ తర్వాత వినబడుతుంది. అందుకే మైదానం మధ్యలో నిలబెట్టే స్పీకర్లలో శబ్దాన్ని కావాలని ఆ మేరకు ఆలస్యం చేసి వదులుతారు, ముందు నుంచి వచ్చేదానితో కలవడానికి. సరిగ్గా కుదరకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. కడపలో మా మిద్దె మీద నిలబడి నాలుగు మసీదుల అజాన్ ఒకదాని వెనక ఒకటి విన్నవాడికి అది కొత్త కాదు.

ముందు వరసలో కనబడని మనుషులు కూడా వెనకే కనబడతారు. ఒకసారి 'కున్ ఫయకూన్' మొదలైంది. చుట్టూ వేల గొంతులు. యాసీన్ సూరాలో నేను చిన్నప్పుడు కంఠస్థం చేసిన మాటని అంతమంది ఒక్కసారిగా అంటుంటే గొంతు పూడుకుపోయింది. పక్కనున్న కుర్రాడు బీరు గ్లాసు పైకెత్తి కళ్లు మూసుకుని పాడుతున్నాడు. పాట అయ్యాక నా గడ్డం చూసి, "అన్నా, కున్ అంటే ఏంటి?" అన్నాడు. "అయిపో అంటాడు అల్లా, అయిపోతుంది. అదీ అర్థం" అన్నా. "సూపర్ అన్నా" అని మిగిలిన బీరు తాగేశాడు. నాకు బాధ కలగాలో సంతోషం కలగాలో తోచలేదు. ఇప్పటికీ తోచదు.

ఇంకో షోలో, మగ్రిబ్‌కి పార్కింగులోకి వస్తే కేబుళ్లు లాగే బిహారీ కుర్రాడొకడు టవల్ పరిచి నిలబడబోతున్నాడు. నన్ను చూసి ఆగి, మీరే చదివించండి అన్నాడు. నియ్యత్ కట్టుకునేలోపు ఒక ఆటో డ్రైవర్ పరిగెత్తుకొచ్చాడు. సలామ్ తిప్పాక వెనక్కి చూసి లెక్కపెట్టుకున్నా. ముగ్గురం. అప్పటికి అబ్బా పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. ఇంటర్ చదువుతోంది, రహమాన్ పాటలంటే "అవి మీ కాలంవి అబ్బా" అంటుంది. దాని బ్యాండ్లు వేరు. పోయిన చలికాలం ముగ్గురు స్నేహితురాళ్లతో షోకి పోతానంది. వాళ్ల అమ్మీ ససేమిరా అంది. ఖాందాన్‌లో ఏమంటారు అన్నది ఒకటి, రెండోది నేనే ఇంట్లో చదివి వినిపించిన వార్త. 2024 నవంబర్‌లో దిల్జిత్ షోకి ముందు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన నోటీసులో పిల్లల్ని స్టేజీ మీదికి తేవద్దని, ఆ చప్పుడు వాళ్ల చెవులకి మంచిది కాదని ఉంది. "సర్కారే చెప్పింది" అంటుంది మా ఆవిడ. నాకేమో 2023 సెప్టెంబర్‌లో చెన్నైలో రహమాన్ షో దగ్గర జరిగింది గుర్తొచ్చింది. టికెట్లున్నవాళ్లు కూడా లోపలికి పోలేక, తొక్కిసలాటలో ఆడపిల్లలు నలిగిపోయి ఏడ్చుకుంటూ వెనక్కొచ్చారు. భయం మ్యూజిక్ గురించి కాదు, జనం గురించి. చివరికి షరతు పెట్టా. నేనే దింపుతా, అయ్యేదాకా బయటే ఉంటా, ప్రతి గంటకీ మెసేజ్ పెట్టాలి.

నాలుగు స్కార్ఫులు గేటులోకి పోవడం చూసి కారులోకొచ్చి కూర్చున్నా. పాటలేవీ తెలియవు, గోడ అవతల నుంచి బేస్ చప్పుడొక్కటే కారు అద్దాల్ని కదిలిస్తోంది. మగ్రిబ్ కారు పక్కనే చదివా, ఇషా కూడా. పదింటికి షో ఆగిపోయింది. పది దాటితే మైకు ఆపాల్సిందే, పుణెలో 2023లో పోలీసులు రహమాన్‌నే ఆపించారు కదా.

స్నేహితురాళ్లని ఇళ్ల దగ్గర దింపి ఔటర్ ఎక్కాం. దాని చెవులు ఇంకా గుయ్‌మంటున్నాయేమో, పక్కనే ఉన్న నాతో గట్టిగా అరిచి మాట్లాడుతోంది. ఎవరు ఏం పాడారో, ఎక్కడ ఏడ్చిందో అన్నీ చెప్పింది. అంతా విని, అడక్కూడదనుకుంటూనే అడిగేశా. నా గొంతులో అబ్బా గొంతు నాకే వినబడింది.

"మగ్రిబ్ ఎక్కడ చదివావ్ బేటా?"

"చదవలేదు అబ్బా" అంది, అంతే తేలిగ్గా. "బాత్రూమ్ లైను గంటసేపుంది, వుజూకి నీళ్లు లేవు, ఒక్కదాన్నే పక్కకి పోవాలంటే భయమేసింది. ఇంటికెళ్లి ఖజా చేస్తా." కాసేపాగి, "మీరైతే పార్కింగులో జమాతే పెట్టించారంట కదా. దాదీ ఎన్నిసార్లు చెప్పిందో. అంత నాతో కాదు" అంది.

టోల్‌గేటు దాటేదాకా నేను నోరు విప్పలేదు. దాటాక చెప్పేశా. కుర్చీ సంగతి, అజాన్ సంగతి, ఆ ముగ్గురి సంగతి. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోపమొచ్చిందేమో అనుకున్నా. మా వీధి మలుపు తిరుగుతుంటే ఇటు తిరిగింది.

"దాదీకి మాత్రం చెప్పకండి అబ్బా."

అమ్మీకి కూడా తెలుగు చదవడం రాదు. మాస్టారు ఇప్పుడు లేరు. ఇది చదివే కడప చుట్టాలారా, మీకూ నాది అదే గుజారిష్.