నేనే తింటా, నేనే వేసుకుంటా

బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. మీ వైపు ఈ వరస కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు. నవ్వితే నువ్వుండలతోనే మొదలుపెట్టే ఇళ్ళూ ఉన్నాయి, పాయసం బదులు పాలకాయలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఏ వరసైనా సరే, నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటే: నెలల లెక్క లేకపోవడం. ఫలానా నెలలో గారెలు వండాలని పెద్దవాళ్ళు ఎక్కడా అనలేదు. ముందు బిడ్డ గడప దాటాలి, ఆ తర్వాతే మినప్పప్పు నానేది.

ఇప్పుడేమో ఫోన్ తెరిస్తే చాలు, మీ పాప ఈ వారం ఇది చెయ్యాలి, వచ్చే వారం అది చెయ్యాలి అని ఒకటే పోరు. పక్క ఫ్లాట్ పిల్లాడు పదో నెలకే నడిచేశాడట అని తెలిస్తే ఇక ఆ పూట తల్లికి అన్నం సయించదు. అలాంటి అమ్మలకు ఈ లెక్క చెప్పాలని ఉంటుంది నాకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని నెలల తరబడి గమనించి, 2006లో ఫలితాలు ప్రచురించారు. మన దేశం తరఫున ఢిల్లీ పిల్లలున్నారు అందులో. ఏ ఆసరా లేకుండా నడవడానికి వాళ్ళు వేసిన గడువు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా! ఆ చివర నడిచినవాడూ ఈ చివర నడిచినవాడూ ఇద్దరూ మామూలు పిల్లలే. నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు, అది దాటేసి లేచి నిలబడ్డారు.

అలాగని అన్నిటికీ ‘వాడే నడుస్తాడులే’ అని కూర్చోమనడం లేదు. ఏడాదిన్నర నిండినా ఒంటరిగా అడుగు వెయ్యకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు మళ్ళీ పోతున్నా, డాక్టరుకు చూపించాల్సిందే. మనసులో శంక ఉంటే అత్తగారు వద్దన్నా సరే వెళ్ళండి. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి, ఏ వయసుకు ఏం చేస్తారో బొమ్మలతో సహా ఉంటుంది.

గడప దాటడం మీరు ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పాకుతూ వచ్చి గడప దగ్గర ఆగుతుంది. అరచేత్తో పసుపు పూసిన చెక్కను తడుముతుంది. తల అటు వైపు పెట్టి చూస్తుంది, ముఖం నేలకు తగిలేలా ఉందని వెనక్కి తీస్తుంది. కాసేపటికి పొట్ట గడప మీద ఆనించి, చేతులు అటు వేసి, ఒక మోకాలు పైకి లాగి, అక్కడ ఇరుక్కుని ఒక కేక పెడుతుంది. సరిగ్గా అప్పుడే మనం పరుగెత్తుకెళ్ళి ఎత్తేసుకుంటాం. పట్టుకోవడానికి చేతులు సిద్ధంగా పెట్టుకుని, ఇంకొక్క క్షణం ఆగి చూడండి. రెండో మోకాలు దానంతటదే వస్తుంది. ఆపైన వెనక్కి తిరిగి మన ముఖం చూస్తుంది చూడండి, గారెలు వండేది ఆ చూపుకే.

నడక త్వరగా రావాలని చక్రాల వాకర్‌లో కూర్చోబెడుతున్నారు చాలామంది. దయచేసి వద్దు. దానివల్ల నడక ముందు రాదు, పైగా మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన పాత మూడు చక్రాల కర్ర బండి వేరు. దాన్ని నెట్టాలంటే పిల్లాడు తన కాళ్ళ మీద తను నిలబడాలి.

ఇంతకీ నేను అసలు మాట్లాడాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. అరిసెల మీద అడుగులు వేయించి ఊరంతా పంచుతాం, బాగానే ఉంది. అక్కడితో మన పండగలు ఆగిపోతాయి. పిల్లల పండగ అప్పుడే మొదలవుతుంది. రెండో ఏడు దాటేసరికి, ‘నేనే తింటా’, ‘నేనే వేసుకుంటా’. దాన్ని మనం మొండితనం అంటాం, నాకు ఆ మాట కష్టంగా ఉంటుంది. నిన్నటిదాకా పాకితే చప్పట్లు కొట్టిన ఇల్లే, ఇవాళ చెంచా అడిగితే విసుక్కుంటుంది.

నిజమే, నేలంతా పప్పన్నం అవుతుంది. నోట్లోకి వెళ్ళేది సగం, గౌనుకు సగం. అందుకని బడికెళ్ళే వయసు పిల్లలకు కూడా ఫోన్‌లో బొమ్మలు పెట్టి, వాళ్ళు చూస్తుండగా ముద్దలు కుక్కేస్తున్నాం. గోరుముద్దలు మానెయ్యమని ఏ నోటితో చెప్పగలను? అమ్మ చేతి ముద్దకున్న రుచి దేనికీ లేదు. కాకపోతే పక్కన చిన్న పళ్ళెం ఒకటి పెట్టండి. నెయ్యి వేసి మెత్తగా కలిపిన నాలుగు మెతుకులు అందులో వెయ్యండి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెతుకు ఏరడం వస్తుంది. రెండేళ్ళవాడు చెంచా తిప్పుకుంటూ తింటాడు. కింద ఓ పాత దుప్పటి పరిస్తే ఊడ్చే పనీ తగ్గుతుంది.

చెప్పుల దగ్గరా ఇదే గొడవ. అసలే ఆలస్యం, ఆటో కింద హారన్ కొడుతుంటుంది, వీడు గుమ్మంలో కూలబడి పట్టీ అంటించుకుంటూ ఉంటాడు. అంతసేపు ఎలా ఆగడం అంటారా? పది నిమిషాలు ముందు మొదలుపెట్టించండి. కుడిది ఎడమకు వేసుకుంటే వేసుకోనివ్వండి, నాలుగు మెట్లు దిగాక వాడి కాలే చెబుతుంది.