ఆదర్శం అంటే అద్దం

పదో తరగతి ఇంగ్లీషు పాఠంలో 'ఐడియలైజ్' అనే క్రియ వచ్చింది. సారు బోర్డు మీద 'ఆదర్శీకరించు' అని రాసి, ఏ లోపమూ లేనట్టు చూడటం అని అర్థం చెప్పారు. మాట కొత్తదే గానీ, ఆ పని మాకు పాతదే.

మా ఆర్మూర్ హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఇంజనీరింగ్ సీటు తెచ్చుకొని వెళ్లాడు. ఆయన పడుకున్న చోటు కోసం, ఆయన వదిలిన గైడ్ల కోసం కొట్లాడుకునేవాళ్లం. ఆయనకు లెక్కలు పుట్టుకతోనే వచ్చాయని జూనియర్లకు చెప్పేవాళ్లం.

ఆ ఏడాది మాలో ఒకడు లెక్కల్లో ఫెయిలయ్యాడు. "అన్నలాంటోళ్లకే చదువు, మనకెందుకురా" అని ట్రంకు పెట్టె సర్దుకొని పోయాడు. పసుపు చేలల్లో కూలికి కుదిరాడు. మేము ఎంత పిలిచినా రాలేదు.

తర్వాత వార్షికోత్సవానికి అన్న వచ్చాడు. ఈ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. "నేను గూడ ఇంటర్ల లెక్కలు తప్పిన తమ్మీ. సప్లిమెంటరీల గట్టెక్కిన. మీరు నన్ను అంత ఎత్తుల పెడితే చెప్పనీకి నోరు రాలే" అన్నాడు. తప్పు ఆయనది కాదు, మాది.

మేము రోజూ దండం పెట్టే అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందని హెచ్చరించారు. మన జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అంతకు ముందు భువనగిరి కొండ మీద, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది. పుట్టుకతో వచ్చిన ధైర్యం అనేస్తే ఆ కష్టమంతా లెక్కలోకి రాదు.

సంస్కృతంలో 'ఆదర్శం' అంటే అద్దం అనే అర్థం కూడా ఉంది. అద్దం మరకనూ చూపిస్తుంది. మన పసుపు కొనేవాళ్లు కూడా పైమెరుపు చూసి ఊరుకోరు, కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు.

తమ్ముళ్లారా! సీనియర్లు వస్తే ఎలా గెలిచారని ఒక్కటే అడగకండి, ఎక్కడ తప్పారో కూడా అడగండి. అన్నలారా! దాచకుండా చెప్పండి.

ఆ మిత్రుడికి ఈ సంచిక చేరితే మాదొక్కటే మాట: ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి వయసు మీరిపోవడం అంటూ లేదు. ఫారం నింపడానికి మేము వస్తాం.